నోట్లో వేలు పెట్టని వైద్యం

ఇప్పుడు జనగామలో పంటి ఆస్పత్రికి పోతే కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఎక్స్‌రే తీస్తున్నారు. చిన్న కెమెరా నోట్లో పెట్టి, గోడ మీది టీవీలో పన్నును అరచేయంత చేసి చూపిస్తున్నారు. రూట్ కెనాల్‌కు ఇంత, తొడుగుకు ఇంత, ఇంప్లాంట్‌కు ఇంత అని కాగితం చేతిలో పెడుతున్నారు. చేసే పని శుభ్రంగానే చేస్తున్నారు, కాదనను. కానీ నాలుక పక్కకు జరిపి కింద ఏముందో చూసేవాళ్లు ఎంతమంది? చెంపల లోపల వేలితో తడిమేవాళ్లు, చెవి కింద, దవడ కింద చేయి పెట్టి చూసేవాళ్లు ఎంతమంది? ఏ ఊరు, ఏం తింటావు, ఏం నములుతావు అని నిదానంగా అడిగేవాళ్లు ఎంతమంది? నా కోపమంతా అక్కడే.

నేను 1970లలో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో చదువుకున్నాను. రోగి వేలు పెట్టి చూపించిన పన్నును అన్నిటికంటే చివర చూడాలని మా సారు ఒకాయన నేర్పారు. ముందు మొహం రెండు వైపులా సమంగా ఉందో లేదో చూడాలి. దవడల కింద, మెడ పక్కల తడమాలి. పెదవులు, చెంపలు, నాలుక పైభాగం, పక్కలు, అడుగు, అంగిలి, గొంతు మొదలు, ఇవన్నీ అయ్యాకనే పన్ను. ఈ వరస తప్పితే వార్డు బయట నిలబెట్టేవారు. ఉద్యోగంలో చేరి జనగామ, మహబూబాబాద్ (మానుకోట) వైపు పనిచేసినన్నాళ్లు నన్ను నిలబెట్టింది ఆ వరసే. మా దగ్గర ఉన్నవి కాలితో తొక్కే డ్రిల్లు, స్టవ్ మీద మరగబెట్టుకునే గాజు సిరంజీలు, నాలుగైదు పట్టుకార్లు. ఎక్స్‌రే కావాలంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి రాసి పంపాలి. జనగామ, మానుకోట వాళ్లకు రైలన్నా ఉంది. భూపాలపల్లి నుంచి అయితే పరకాల మీదుగా బస్సులో హనుమకొండ చేరేసరికే పొద్దెక్కేది. అంత దూరం పంపేముందు, నిజంగా పంపాల్సిన అవసరం ఉందా అని మేమే చేతులతో తేల్చుకోవాల్సి వచ్చేది.

మానుకోటలో ఒక రైతు వచ్చాడు. దవడ కింద వాపు. అప్పటికే ఎక్కడో ఒకచోట పంటి వాపే అన్నారు, మాత్రలు వాడారు, గట్టిగా ఉన్న దవడ పన్ను ఒకటి పీకేశారు కూడా. వాపు మాత్రం పోలేదు.

"ఎప్పుడు ఉబ్బుతది తాతా?"

"తినే యాళ్లకే సారూ. బుక్క నోట్లె పెట్టంగనే ఉబ్బుతది. తిన్నంక ఒక గంటకు దిగిపోతది."

రోగం ఏమిటో ఆ ఒక్క జవాబే చెప్పేసింది. పంటి చీముకు అన్నం వేళలతో పనిలేదు. తినేటప్పుడు పొంగి, తర్వాత తగ్గేది లాలాజల గ్రంథి. తిండి వాసనకే ఉమ్మి ఊరుతుంది, దారిలో రాయి అడ్డం ఉంటే బయటకు రాలేక గ్రంథి ఉబ్బుతుంది. నిమ్మకాయ బద్ద తెప్పించి నాకమన్నాను. చూస్తుండగానే దవడ కింద గడ్డ లేచింది. ఒక వేలు నాలుక కింద, ఇంకో చేయి దవడ కింద పెట్టి రెండింటి మధ్య ఒత్తుకుంటూ పోతే బియ్యపు గింజంత రాయి తగిలింది. పైపైనే ఉంది కాబట్టి మత్తు సూది వేసి, నాళం మీద చిన్న గాటు పెట్టి తీసేశాం. లాలాజల గ్రంథుల్లో వచ్చే రాళ్లలో దాదాపు 80 శాతం ఈ దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. అక్కడి ఉమ్మి చిక్కన, నాళం పొడుగు, పైగా కింది నుంచి పైకి ఎక్కాలి. రాయి గ్రంథి లోపల లోతుగా ఉంటే అప్పుడు పెద్దాస్పత్రి. ఇప్పుడైతే సన్నని దుర్బిణి నాళంలోకి పంపి రాయి తీసే పద్ధతి కూడా వచ్చింది, సంతోషం. ఆ దుర్బిణి దాకా మనిషిని చేర్చాలంటే "ఎప్పుడు ఉబ్బుతది" అని ఎవరో ఒకరు అడగాలి కదా. ఈమధ్య నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడి ఫైలులో పళ్లన్నిటికీ స్కానింగ్ ఉంది, రక్త పరీక్షలు ఉన్నాయి. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

చెవి కింద గడ్డ సంగతి ఇంకా బాధ. చెవి ముందు, చెవితమ్మె కింద ఉండేది పెద్ద లాలాజల గ్రంథి. పిల్లల్లో అది జ్వరంతో, నొప్పితో ఉబ్బితే గవదబిళ్లలు, వారం పది రోజుల్లో తగ్గుతాయి. నలభై ఏళ్ల మనిషికి నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే గడ్డ వేరు. మా రోజుల్లో ఊళ్లలో దాన్ని కూడా గవదలే అనుకుని సున్నం రాసేవారు, పసరు కట్టేవారు, కొందరు వాతలు పెట్టించేవారు. ఆ వాతల మచ్చలతో వచ్చినవాళ్లను చూసి నాకు కడుపు మండేది. ఇప్పుడు వాతలు పోయాయి. వాటి బదులు, కొవ్వు గడ్డ అనుకుని చిన్న గాటు పెట్టి గిల్లి తీసేయడం చూస్తున్నాను. ఆ గ్రంథి మధ్య నుంచే మొహాన్ని కదిలించే నరం కొమ్మలుగా పోతుంది. అది తెగితే కన్ను మూతపడదు, మూతి ఒక పక్కకు లాగుతుంది. పైగా అక్కడ ఎక్కువగా వచ్చే గడ్డ, క్యాన్సర్ కాకపోయినా, పొర చిట్లి ముక్కలు మిగిలితే మళ్లీ నాలుగైదు చోట్ల మొలుస్తుంది. సూదితో కొంచెం కణజాలం లాగి పరీక్షకు పంపాలి, ఆ తర్వాత నరాన్ని కాపాడుతూ చుట్టూ కొంత గ్రంథితో సహా తీయగల సర్జన్‌కు అప్పగించాలి. ఏళ్లుగా ఉన్న గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, మొహం వంకర పోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

నేను ఎక్కువసార్లు చూసి, ప్రతిసారీ విసుక్కున్న కేసు గదవ మీద మానని పుండు. ఆడపిల్ల, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. గదవ కింద చిన్న రంధ్రం, అందులోంచి అప్పుడప్పుడూ చీము. చర్మానికి రాసే మందులన్నీ అయిపోయాయి, నెలల తరబడి మాత్రలు మింగింది. పళ్లలో నొప్పి లేదు, అందుకని నోరు తెరిపించిన వారే లేరు. "చిన్నప్పుడు ఎక్కడన్నా పడ్డావా బిడ్డా?" అని అడిగితే తల్లి చెప్పింది, బాయి గడ్డ మీద పడి మూతి పగిలిందని. కింది ముందుపళ్లలో ఒకటి అప్పుడే చచ్చిపోయింది. రంగు కొంచెం మారింది, అంతే. దాని వేరు చివర చేరిన చీము ఎముకను తొలుచుకుని గదవ మీదికి దారి చేసుకుంది. ఆ పన్నుకు వైద్యం చేస్తే చర్మం మీది రంధ్రం కొద్ది వారాల్లో దానంతటదే మూసుకుపోతుంది. ఏ పూతమందూ అక్కర్లేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన జబ్బు ఇంకోటి ఉంది. అక్కడ పళ్లన్నీ మంచివే, పీకించుకుంటూ పోతారు. మొహం కడుక్కున్నా, గాలి తగిలినా, గడ్డం గీసుకున్నా ఒక పక్క కరెంటు కొట్టినట్టు నొప్పి, కొన్ని సెకన్లే ఉంటుంది. అది నరం నొప్పి. దానికి కార్బమజెపైన్ అనే మాత్ర మా రోజుల నుంచే ఉంది. అయినా ఒక పక్క పళ్లన్నీ పోగొట్టుకుని వచ్చే ముసలివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పన్ను నొప్పి క్షణం మెరిసి మాయం కాదు, రాత్రంతా సలుపుతుంది. ఆ తేడా అడిగితేనే తెలుస్తుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. నా ఉద్యోగం మొదట్లో నోరు తెరుచుకోక వచ్చేవాళ్లు జ్ఞానదంతం వాపుతో వచ్చేవారు, లేకపోతే ధనుర్వాతం. తర్వాత, 1980ల నుంచి, పొట్లాల గుట్కా ఊరూరా కిరాణా కొట్లలో దండలుగా వేలాడడం మొదలైంది. అక్కడి నుంచి ఇరవై ఏళ్ల పిల్లలు వచ్చి రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు తెరవడం చూశాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో తన మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. ఈ పిల్లలు వచ్చి మొదట చెప్పేది ఒకటే, కారం తినలేకపోతున్నామని. మిర్చి పండించే మానుకోటలో పుట్టి, పచ్చడి మెతుకు నోట్లో పెడితే భగ్గుమంటోందంటే దాని వెనక ఏముందో అడగాలి.

"ఏం నములుతవు బిడ్డా?"

"ఏం లేదు సార్."

"అంగీ జేబు చూపియ్యి."

జేబులో పొట్లం ఉండేది. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం చెంపల లోపలి పొర కింద నార కణజాలాన్ని పెంచుతూ పోతుంది. చెంప తెల్లబడి బిగుసుకుంటుంది. వేలితో తడిమితే నిలువు పట్టీలు తగులుతాయి, నాలుక బయటికి రాదు. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలో ఉంటున్న ఐదుగురు భారతీయ మహిళల్లో దీన్ని మొదట వర్ణించాడు. ఆ మరుసటి ఏడే బొంబాయి వైద్యుడు జోషి మన దేశంలో రాశాడు. వక్క ఒక్కటి చాలు క్యాన్సర్ తేవడానికి, పొగాకు కలవాల్సిన పని కూడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో వెలువరించిన నివేదికలో తేల్చి చెప్పింది. ఈ మాట చెప్తే జనగామలో పెద్దమనుషులు నాతో పోట్లాటకు వచ్చేవారు. "తాంబూలం శుభకార్యం సారూ, అది గూడ తప్పంటరా?" అని. పెళ్లిలో వేసుకునే తాంబూలం గురించి కాదు నేను చెప్పేది. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే చెంపలో పెట్టి, రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయని పొట్లం గురించి.

మందు ఏముంది అంటే, మానడం మొదటి మందు. తర్వాత పొర లోపలికి స్టెరాయిడ్, హయలురోనిడేజ్ సూదులు, రోజూ చెక్కపుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి నోరు తెరిచే వ్యాయామం. బాగా బిగుసుకుంటే ఆపరేషన్. పోయిన మెత్తదనం పూర్తిగా తిరిగి రావడం నేను చూడలేదు. కొందరిలో ఏళ్ల తర్వాత అది క్యాన్సర్‌గా మారుతుంది, కాబట్టి మానినవాడు కూడా ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలి. సర్కారు గుట్కా మీద నిషేధం పెడుతూనే ఉంది, 2024 మేలో కూడా మళ్లీ ఏడాదికి పెట్టింది. కొట్ల ముందు వేలాడే దండలు లోపలికి పోయాయి, పొట్లాలు మాత్రం పోలేదు.

భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇంకో మచ్చ కనిపించేది. కింది పెదవికీ చిగురుకూ మధ్య ముడతలు పడిన తెల్లమచ్చ. ఒకటి చూసినప్పుడు ఏదో అనుకున్నాను. అలాంటివే మళ్లీ మళ్లీ వస్తుంటే అడిగాను, ఏం పని చేస్తారని. బొగ్గు బాయి. గని లోపల మండే గాలి ఉంటుంది కాబట్టి అగ్గిపెట్టె, బీడీ కిందికి తీసుకుపోవడం నిషేధం, దిగే ముందు జేబులు వెతుకుతారు. పొగ తాగలేనివాళ్లు తంబాకు పెదవి కింద పెట్టుకుని దిగుతారు. షిఫ్టు అయ్యేదాకా అది అక్కడే. పని ఏమిటో తెలియకపోతే ఆ మచ్చ ఎందుకొచ్చిందో తెలియదు, ఎట్లా మాన్పించాలో అంతకన్నా తెలియదు. పైకి వచ్చాక మానమని చెప్పడం వేరు, లోపల ఎనిమిది గంటలు ఏం చేస్తావని అడగడం వేరు.

మన తెలుగు వైద్యులే ఇట్లా అడిగి ప్రపంచానికి చెప్పిన సంగతి ఒకటుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా ఎందుకు వస్తోందని ఆరా తీసి, కోస్తా ఆంధ్రలో దానికి కారణం ఈ అలవాటేనని రెడ్డి, రావు అనే వైద్యులు 1957లో రాశారు. వాళ్లకు స్కానింగులు లేవు. చుట్ట తాగుతావా అని మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే ఔనని జవాబు వచ్చేది, అక్కడితో అయిపోయేది. ఎట్లా తాగుతావని అడిగారు.

నీళ్ల సంగతీ అంతే. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి, అది బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని షార్ట్, ఆయన తోటి వైద్యులు తేల్చారు. మా జనగామ ఒకప్పుడు నల్లగొండ జిల్లా తాలూకా. ఆ పక్క ఊళ్ల పిల్లల పళ్ల మీద సుద్ద గీతలు, గోధుమ రంగు మచ్చలు నాకు రోజూ కనిపించేవి. గార అనుకుని ఇటుక పొడితో రుద్దేవారు, పన్ను అరిగేది తప్ప మచ్చ పోయేది కాదు. పన్ను దవడలో తయారయ్యేటప్పుడే లోపల పడిన మచ్చ అది, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లది. తాగునీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దంటారు, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర. మిషన్ భగీరథతో నదినీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉండడం చూస్తే నా కళ్లు చల్లబడతాయి. అందుకే ఇప్పుడు మచ్చలున్న పిల్లాడు కనిపిస్తే, వీడు ఏ ఊళ్లో పెరిగాడు, ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారా అని అడగాలి. పన్నుకు పింగాణీ పొర అతికించి పంపిస్తే ఇంట్లో ఉన్న చెల్లెలి పళ్లకు ఏం మేలు జరిగినట్టు?

నాలుగేళ్ల పిల్లకు పాలపళ్లన్నీ కదిలి రాలిపోతుంటే, పాలపళ్లే కదా అనేస్తున్నారు. ఆ పిల్ల అరచేతులు చూడండి, చెప్పులు విప్పించి అరికాళ్లు చూడండి. మందంగా, పగిలి, ఎర్రగా ఉంటే అది వేరే జబ్బు. 1924లో పాపియాన్, లెఫెవ్ర్ అనే ఫ్రెంచి వైద్యులు చెప్పారు. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరితే వస్తుంది కాబట్టి మేనరికాలు చేసుకునే మన దగ్గర దాన్ని మరవకూడదు. ముందే పట్టుకుని, చిగుళ్ల ఇన్ఫెక్షన్‌ను అదుపులో పెడితే కొందరిలో శాశ్వత పళ్లు కొన్నయినా నిలుస్తాయి. లేకపోతే పదహారేళ్లు రాకముందే కట్టుడు పళ్లు.

కరోనా రెండో ఉధృతిలో, 2021లో, నేను అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నాను. పై పళ్లు ఉన్నట్టుండి కదులుతున్నాయని, ఒక చెంప మొద్దుబారిందని తెలిసినవాళ్లు ఫోన్లు చేశారు. నేను అడిగింది మూడే. కరోనా వచ్చిందా? స్టెరాయిడ్లు వాడారా? షుగరు ఎక్కువగా ఉందా? మూడింటికీ ఔనని వస్తే అంగిలి నల్లబడిందేమో టార్చిలైటు వేసి చూడమని, వెంటనే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి పొమ్మని చెప్పాను. బ్లాక్ ఫంగస్‌కు రాష్ట్రంలో అదే ప్రధాన కేంద్రం అప్పుడు. కదిలే పన్నును పీకి ఇంటికి పంపిస్తే రోజుల్లోనే కన్నుకు, మెదడుకు పాకే జబ్బు అది. ఆంఫోటెరిసిన్ సూదులు దొరక్క బంధువులు ఎక్కడెక్కడో తిరిగారు. దొరికినవాళ్లలో, కుళ్లిన ఎముకను వెంటనే తీయించుకున్నవాళ్లలో బతికినవాళ్లు ఉన్నారు. మా రోజుల్లో అయితే అది కూడా సాధ్యమయ్యేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒప్పుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. తట్టు పోసిన పేద పిల్లల చెంపలు కుళ్లి ఊడిపోయే జబ్బును మేం చూశాం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. తట్టు టీకా, పిల్లల తిండి మెరుగయ్యాక మన వైపు అది కనుమరుగైంది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను ఏనాడూ కోరుకోను. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మేం ఎంజీఎంకు రాసి పంపిన పరీక్షలు ఇప్పుడు ఊళ్లోనే చేయించుకోవచ్చు. నోటి క్యాన్సర్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అవుతోంది.

ఇన్ని ఉండి కూడా నోట్లో రెండు వారాలు దాటిన పుండును జెల్ రాసి పంపించేస్తుంటే నేను ఊరుకోలేను. పదునైన పన్ను అంచు గీసుకుని వచ్చిన పుండైతే ఆ అంచు అరగదీసిన రెండు వారాల్లో మానాలి. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి, వేరే మాట లేదు. దవడ ఎముకలోంచి తీసిన తిత్తి అయినా, పెదవి మీది నీటిబుడగ అయినా తీసిన ప్రతిదీ సీసాలో పడాలి. మామూలు తిత్తి అనుకుని తీసినవాటిలో మళ్లీ మళ్లీ వచ్చి దవడనే తినేసే గడ్డలు ఉంటాయి, అవి సూక్ష్మదర్శిని కింద తప్ప బయటపడవు. చెత్తబుట్టలో పడేసిన ముక్కకు రిపోర్టు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ మూడు కాలేజీల పిల్లలు ఎవరైనా నా దగ్గరికి వస్తే చెప్పేది ఇదే. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ పోయండి, మూత గట్టిగా బిగించండి, సీసా మీద పేరు రాయండి. చీటీ మీద వయసు, ఊరు, చేసే పని, ఏం నములుతారు, ఎన్నేళ్లుగా, నోట్లో ఏ పక్క పెట్టుకుంటారు, పుండు ఏ పక్క ఉంది, అన్నీ రాయండి. పరీక్ష చేసే పాథాలజిస్టుకు మనిషి కనిపించడు, ఆ చీటీయే కనిపిస్తుంది. ఇప్పుడు వస్తున్న చీటీల మీద "నోటి పుండు" అని రెండు ముక్కలు రాసి, కింద సంతకం పెడుతున్నారు.